యుద్ధాలను ఎలా గుర్తుంచుకోవాలి? - బద్ర్, ఉహుద్, హునైన్ నేర్పే పాఠం

యుద్ధం చేయని జాతి ప్రపంచంలో దాదాపు లేదు. చేసిన యుద్ధాన్ని తరతరాలుగా చెప్పుకోని జాతి అసలే లేదు. గెలిచినవారు విజయ స్తంభాలు నిలబెట్టుకుంటారు. ఓడినవారు తమ పగను పిల్లలకు ఆస్తిలా అప్పగించి పోతారు. యుద్ధభూమిలో నెత్తురు ఒకటి రెండు రోజుల్లో ఆరిపోతుంది గాని, దాని జ్ఞాపకం మాత్రం వందల సంవత్సరాలు మనుషుల మధ్య పనిచేస్తూనే ఉంటుంది.

మనం కూడా యుద్ధాలను గుర్తుచేసుకుంటాం. రమజాన్ 17 వచ్చిందంటే ఎన్నో మస్జిదులలో బద్ర్ సంగ్రామంపై ప్రసంగాలు జరుగుతాయి. 313 అనే సంఖ్య మన చిన్నపిల్లలకు కూడా కంఠస్థమే. మంచిదే. అయితే ఆ ప్రసంగం విని ఇంటికి వెళ్ళేటప్పుడు మన మనసులో మిగిలేదేమిటి? 'మనవాళ్ళు గెలిచారు' అన్న గర్వమా? లేక 'నేను ఆ వరుసలో నిలబడదగిన వాడినేనా?' అన్న ప్రశ్నా?

యుద్ధం ఒకటే అయినా దాన్ని గుర్తుంచుకునే పద్ధతులు రెండున్నాయి. ఒకటి అజ్ఞానకాలపు పద్ధతి. మరొకటి దివ్యఖుర్ఆన్ నేర్పిన పద్ధతి. ఈ రెండింటి మధ్య తేడా తెలుసుకోవడం మన విశ్వాసానికీ, మన పిల్లల పెంపకానికీ ఎంతో అవసరం.

ఒక పాత యుద్ధం రగిల్చిన మంట

ఇస్లాంకు పూర్వం అరబ్బులు తమ యుద్ధాలను 'అయ్యాముల్ అరబ్' అంటే 'అరబ్బుల దినాలు' అని పిలుచుకునేవారు. ప్రతి తెగకూ తన దినాలుండేవి. వాటిని గురించి కవులు పద్యాలల్లేవారు. ఆ పద్యాలు సంతల్లో, విందుల్లో మారుమోగేవి. ఒక ఆడ ఒంటెను చంపిన సంఘటనతో మొదలైన బసూస్ యుద్ధం బకర్, తగ్లిబ్ తెగల మధ్య నలభై ఏళ్ళు సాగిందని చెబుతారు. అన్నేళ్ళు సాగడానికి ఒంటె కారణం కాదు. ప్రతి తరం తన తండ్రుల చావును పద్యంగా విని పెరగడమే కారణం.

మదీనాలోని ఔస్, ఖజ్రజ్ తెగల పరిస్థితీ అంతే. ఈ రెండు తెగల మధ్య ఏళ్ళ తరబడి పోరు నడిచింది. వాటిలో చివరిదీ, భయంకరమైనదీ బుఆస్ యుద్ధం. హిజ్రత్‌కు సుమారు అయిదేళ్ళ ముందు జరిగిన ఆ యుద్ధంలో రెండు వైపులా పెద్ద పెద్ద నాయకులు హతమయ్యారు. ఆ తరువాత దైవప్రవక్త ముహమ్మద్ (స) మదీనాకు విచ్చేశారు. నిన్నటి శత్రువులు ఒకే వరుసలో భుజం భుజం కలిపి నమాజుకు నిలబడ్డారు. వారందరికీ 'అన్సార్లు' అన్న ఒకే పేరు వచ్చింది.

సీరత్ గ్రంథకర్త ఇబ్నె ఇస్‌హాఖ్ ఒక సంఘటన పేర్కొన్నారు. ఔస్, ఖజ్రజ్ తెగల వారు ఒకచోట కూర్చుని స్నేహంగా మాట్లాడుకుంటుంటే షాస్ బిన్ ఖైస్ అనే వృద్ధుడు చూసి ఓర్వలేకపోయాడు. అతను ఒక యువకుణ్ణి పిలిచి, వాళ్ళ మధ్య కూర్చుని బుఆస్ ప్రస్తావన తెమ్మన్నాడు, ఆనాటి పద్యాలు వినిపించమన్నాడు. యువకుడు అలాగే చేశాడు. అంతే! కాసేపటికే మాటా మాటా పెరిగింది. ఇరువైపుల నుంచి ఇద్దరు లేచి సవాళ్ళు విసురుకున్నారు. ఆయుధాలు తీయండన్న కేకలు లేచాయి. కబురు అందగానే దైవప్రవక్త (స) ముహాజిర్ సహచరులతో కలిసి అక్కడికి చేరుకున్నారు. తాను ఇంకా మీ మధ్యనే ఉండగా, అల్లాహ్ మిమ్మల్ని అజ్ఞానం నుంచి బయటికి తీసి మీ హృదయాలను కలిపిన తరువాత కూడా అజ్ఞానకాలపు పిలుపులేనా అని వారిని మందలించారు. అన్సార్లు తమ తప్పు గ్రహించి ఏడ్చారు, ఒకరినొకరు కౌగిలించుకున్నారు.

ఆలి ఇమ్రాన్ సూరాలోని 103వ ఆయత్‌ను ఈ సందర్భంతో జోడించి వ్యాఖ్యాతలు వివరిస్తారు. అందరూ కలిసి అల్లాహ్ త్రాటిని గట్టిగా పట్టుకోవాలని, చీలిపోవద్దని అందులో ఆదేశం ఉంది. ఒకరికొకరు శత్రువులుగా ఉన్నవారిని అల్లాహ్ తన అనుగ్రహంతో సోదరులను చేశాడని, అగ్నిగుండం అంచున ఉన్నవారిని కాపాడాడని కూడా అందులో ఉంది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆ రోజు కొత్తగా ఏ తగాదా జరగలేదు. ఎవరూ ఎవరి హక్కూ కాజేయలేదు. ఒక పాత యుద్ధాన్ని గుర్తుచేయడం తప్ప షాస్ మరేమీ చేయించలేదు. తప్పుగా గుర్తుంచుకున్న యుద్ధం ఎంత ప్రమాదకరమైనదో చెప్పడానికి ఈ ఒక్క సంఘటన చాలు.

మరి యుద్ధాలను మరచిపోవాలా?

కాదు. యుద్ధాలను మరచిపొమ్మని ఇస్లాం చెప్పలేదు. పైగా దైవప్రవక్త (స) కాలంలో జరిగిన సంగ్రామాల వృత్తాంతాన్ని ముస్లిములు ఎంతో శ్రద్ధగా భద్రపరిచారు. దానికి 'మగాజీ' అని పేరు. హజ్రత్ హుసైన్ (రజి) గారి కుమారులు హజ్రత్ అలీ జైనుల్ ఆబిదీన్, తమకు ఖుర్ఆన్ సూరాలను నేర్పినట్లే మగాజీని కూడా నేర్పేవారని చెప్పినట్లు ఉల్లేఖనం ఉంది. ఉర్వా బిన్ జుబైర్ వంటి తాబియీలు ఈ వృత్తాంతాలను సేకరించారు. ఇబ్నె ఇస్‌హాఖ్, వాఖిదీ గ్రంథాలు రాశారు. ఇమామ్ బుఖారీ తమ హదీసు సంకలనంలో మగాజీకి ఒక పెద్ద భాగమే కేటాయించారు.

సూరా నేర్పినట్లు నేర్పడమంటే ఏమిటి? సూరాను మనం వినోదం కోసం చదవం. దాని ద్వారా మన జీవితాన్ని సరిచూసుకోవడానికి చదువుతాం. యుద్ధగాథను కూడా అలాగే చదవాలన్న మాట. దీన్ని మనకు మొట్టమొదట నేర్పింది దివ్యఖుర్ఆనే. మూడు సంగ్రామాలను ఖుర్ఆన్ ఎలా ప్రస్తావించిందో చూస్తే విషయం స్పష్టమవుతుంది.

బద్ర్: గెలిచినవారికి హెచ్చరిక

హిజ్రీ 2వ సంవత్సరం రమజాన్ 17, అంటే క్రీ.శ. 624 మార్చి నెల. ముస్లిములు సుమారు 313 మంది. వారి వద్ద 70 ఒంటెలు, రెండు గుర్రాలు మాత్రమే ఉన్నాయి. ఒక్కో ఒంటెపై ఇద్దరు ముగ్గురు వంతుల వారీగా ఎక్కేవారు. దైవప్రవక్త (స) కూడా తమ వంతు రాగానే దిగి నడిచేవారు. ఎదుట సుమారు వెయ్యిమంది ఖురైష్ సైన్యం ఉంది.

ఖురైషులు బయలుదేరింది తమ వర్తక బృందాన్ని కాపాడుకోవడానికి. అయితే అబూ సుఫ్యాన్ బృందాన్ని సముద్రతీరపు దారిన తప్పించి, ఇక తిరిగి వెళ్ళిపొమ్మని కబురు పంపాడు. అయినా అబూ జహల్ వినలేదు. బద్ర్ దాకా వెళ్ళి మూడు రోజులు బస చేద్దామన్నాడు. ఒంటెలు కోసి విందులు చేసుకుందాం, మద్యం తాగుదాం, పాటగత్తెల చేత పాడించుకుందాం, అరబ్బులందరూ ఈ సంగతి విని ఎప్పటికీ మనకు భయపడాలి అన్నాడు. అంటే అతనికి కావలసింది రక్షణ కాదు, పేరు. తన పేర పద్యాలు పుట్టాలన్నది అతని కోరిక. చివరికి అతను ఆ నేలమీదే హతుడయ్యాడు. అన్ఫాల్ సూరా 47వ ఆయత్‌లో విశ్వాసులకు ఒక హెచ్చరిక ఉంది: గర్వంతో విర్రవీగుతూ, జనానికి చూపించుకోవడానికి ఇళ్ళ నుంచి బయలుదేరిన వారిలా మీరు కావద్దని.

ఖురైషుల వైపు 70 మంది హతులయ్యారు, 70 మంది బందీలయ్యారు. ముస్లిములలో 14 మంది షహీదులయ్యారు. ఇంత గొప్ప విజయం తరువాత అవతరించిన సూరా ఎలా మొదలైంది? విజేతలను పొగుడుతూ మొదలు కాలేదు. యుద్ధప్రాప్తి విషయంలో వారి మధ్య తలెత్తిన అభిప్రాయభేదంతో మొదలయింది. ఆ సొమ్ము అల్లాహ్‌దీ, ఆయన ప్రవక్తదీ అని తేల్చి, అల్లాహ్‌కు భయపడండి, మీ పరస్పర సంబంధాలను చక్కదిద్దుకోండి అని మొదటి ఆయత్‌లోనే ఆజ్ఞాపించబడింది. ఆ సూరా బద్ర్‌వాళ్ళమైన తమ గురించే దిగిందని, యుద్ధప్రాప్తి దగ్గర తమ ప్రవర్తన చెడినప్పుడు అల్లాహ్ దాన్ని తమ చేతుల్లోంచి తీసేసుకున్నాడని హజ్రత్ ఉబాదా బిన్ సామిత్ (రజి) చెప్పారు. ఆలోచించండి, ఆయన స్వయంగా బద్ర్ వీరులు. తమ విజయగాథ చెప్పమంటే తమ లోపంతో మొదలు పెట్టారు!

ఆ సూరాలోనే 17వ ఆయత్‌లో మరో మాట ఉంది. శత్రువులను చంపింది మీరు కాదు, అల్లాహ్ అని. దైవదూతల సహాయం కూడా ఒక శుభవార్తగా పంపబడిందే గాని, అసలు సహాయం అల్లాహ్ నుంచేనని 10వ ఆయత్ చెబుతోంది. విజేత చేతిలోంచి గర్వపడే అవకాశాన్ని ఖుర్ఆన్ ఈ విధంగా తీసివేసింది.

బందీల విషయం కూడా మరువరాదు. వారిని మంచిగా చూడమని దైవప్రవక్త (స) ఆదేశించారు. బందీలలో ఒకడైన అబూ అజీజ్ తరువాతి కాలంలో, అన్సార్లు తనకు రొట్టె పెట్టి తాము ఖర్జూరాలతో సరిపెట్టుకునేవారని చెప్పాడు. పరిహారం చెల్లించలేని, చదువు వచ్చిన బందీలు అన్సార్ల పిల్లలకు రాయడం నేర్పితే అదే వారి విడుదల పరిహారంగా నిర్ణయించబడింది. బద్ర్ గురించి చెప్పేటప్పుడు ఎంతమందిని చంపారన్నది చెప్పి, ఎంతమంది పిల్లలు చదువుకున్నారన్నది వదిలేస్తే ఆ కథ సగమే చెప్పినట్లు.

ఉహుద్: ఓటమిని దాచని గ్రంథం

మరుసటి సంవత్సరం, హిజ్రీ 3, షవ్వాల్ నెల (క్రీ.శ. 625). బద్ర్‌కు ప్రతీకారం తీర్చుకోవడానికి ఖురైషులు మూడువేల మందితో మదీనాపైకి వచ్చారు. పట్టణంలోనే ఉండి ఎదుర్కోవాలన్నది దైవప్రవక్త (స) అభిప్రాయం. బద్ర్‌లో పాల్గొనే అవకాశం దొరకని యువకులు మాత్రం బయటికి వెళ్ళి పోరాడాలని పట్టుబట్టారు. ఆయన వారి మాట మన్నించి కవచం ధరించారు. వెయ్యిమందితో బయలుదేరారు. దారిలో కపట విశ్వాసుల నాయకుడు అబ్దుల్లా బిన్ ఉబై తన 300 మందితో వెనుదిరిగి పోయాడు. ఏడువందల మంది మిగిలారు.

దైవప్రవక్త (స) ఒక చిన్న గుట్టపై 50 మంది విలుకాళ్ళను నిలిపి, హజ్రత్ అబ్దుల్లా బిన్ జుబైర్ (రజి)ను వారికి నాయకుడిగా నియమించారు. పక్షులు వచ్చి మమ్మల్ని ఎత్తుకుపోతున్నా సరే, నేను కబురు పంపేవరకు మీ చోటు వదలవద్దని స్పష్టంగా ఆజ్ఞాపించారు. మొదట ముస్లిములదే పైచేయి అయింది. ఖురైషులు పారిపోసాగారు. అది చూసి విలుకాళ్ళలో చాలామంది యుద్ధప్రాప్తి కోసం కిందికి పరుగెత్తారు. నాయకుడు వారించినా ఆగలేదు. ఆయనతో కొద్దిమందే మిగిలారు. అప్పటికి ఇంకా ఇస్లాం స్వీకరించని ఖాలిద్ బిన్ వలీద్ ఆ ఖాళీని చూసి తన ఆశ్విక దళంతో వెనుక నుంచి విరుచుకుపడ్డారు. గుట్టపై నిలిచిన ఆ కొద్దిమందీ షహీదులయ్యారు. యుద్ధం తారుమారయింది.

ఆ రోజు 70 మంది ముస్లిములు షహీదులయ్యారు. దైవప్రవక్త (స) పినతండ్రి హజ్రత్ హమ్జా (రజి) వారిలో ఒకరు. హజ్రత్ ముస్అబ్ బిన్ ఉమైర్ (రజి) మరొకరు. దైవప్రవక్త (స) ముఖానికి గాయమైంది, పన్ను విరిగింది. ఆయన మరణించారన్న పుకారు పుట్టి కొందరు నీరసించిపోయారు. హజ్రత్ అనస్ బిన్ నజర్ (రజి) మాత్రం ముందుకు దూసుకుపోయి షహీదయ్యారు. ఆయన శరీరంపై 80కి పైగా గాయాలున్నాయి. వేళ్ళ కొసలు చూసి ఆయన సోదరి గుర్తుపట్టవలసి వచ్చింది.

ఏ జాతి అయినా ఇలాంటి దినాన్ని ఏం చేస్తుంది? వీలైతే మరుగున పడేస్తుంది. లేదా నింద ఒకరిపైకి నెట్టేస్తుంది. దివ్యఖుర్ఆన్ ఈ రెండూ చేయలేదు. ఆలి ఇమ్రాన్ సూరాలో 121వ ఆయత్ నుంచి సుమారు అరవై ఆయత్‌లలో ఉహుద్‌ను సమీక్షించింది. ఆ సమీక్షలో మనం ప్రత్యేకించి గమనించవలసిన విషయాలు ఇవి:

ఒకటి, కారణాన్ని బయట వెదకలేదు. ఈ ఆపద ఎక్కడి నుంచి వచ్చిందని అడిగినవారికి, మీ నుంచే వచ్చిందని 165వ ఆయత్ జవాబిచ్చింది. శత్రువుల సంఖ్య, గుర్రాలు, కపటుల ద్రోహం - ఇవన్నీ ఉన్నాయి. అయినా వేలు మొదట మనవైపే చూపబడింది.

రెండు, తప్పు చెప్పబడింది గాని తప్పు చేసినవారి పేర్లు చెప్పబడలేదు. మీలో కొందరు ప్రపంచాన్ని కోరారు, కొందరు పరలోకాన్ని కోరారు అని మాత్రమే 152వ ఆయత్‌లో ఉంది. గుట్ట దిగిన వారిలో ఒక్కరి పేరు కూడా ఖుర్ఆన్‌లో లేదు. మనం ప్రళయం వరకు ఆ తప్పును చదువుతాం, కాని ఎవరి మనవడూ తలవంచుకోనక్కర లేదు.

మూడు, తప్పుతో పాటే క్షమాపణ కూడా చెప్పబడింది. ఆ 152లోనూ, మళ్ళీ 155లోనూ అల్లాహ్ వారిని క్షమించాడన్న ప్రకటన ఉంది.

నాలుగు, ఈ సమీక్ష మధ్యలోనే, 130వ ఆయత్‌లో వడ్డీ తినవద్దన్న నిషేధం వచ్చింది. యుద్ధానికీ వడ్డీకీ ఏం సంబంధం? గుట్ట నుంచి దించిన ధనాశే సంతలో వడ్డీ రూపంలో కనిపిస్తుందని వ్యాఖ్యాతలు వివరించారు. రోగం ఒకటే. యుద్ధభూమిలో బయటపడిన బలహీనతకు మందు బజారులో, ఇంట్లో మొదలు కావాలి. ఆ తరువాతి ఆయత్‌లలోనే కోపాన్ని దిగమింగేవారు, ప్రజలను మన్నించేవారు ప్రశంసించబడ్డారు.

అయిదు, సలహా సంప్రదింపులు రద్దు కాలేదు. బయటికి వెళ్ళాలన్న నిర్ణయం సంప్రదింపుల్లో వచ్చిందే. ఇక మీదట వాళ్ళను అడగవద్దని చెప్పి ఉంటే మనకు ఆశ్చర్యం కలిగేది కాదు. కాని 159వ ఆయత్ అందుకు భిన్నంగా, వారిని మన్నించమని, వారి కోసం క్షమాభిక్ష వేడమని, వ్యవహారాల్లో వారిని సంప్రదిస్తూ ఉండమని దైవప్రవక్త (స)ను ఆదేశించింది.

ఇలా నేర్చుకున్న సమాజం తన బలహీనతను ఎలా చెప్పుకున్నదో చూడండి. 122వ ఆయత్‌లో రెండు వర్గాలు ధైర్యం కోల్పోబోయాయని ఉంది. అవి బనూ సలిమా, బనూ హారిసా. బనూ సలిమాకు చెందిన హజ్రత్ జాబిర్ (రజి), ఆ ఆయత్ తమ గురించే అవతరించిందని, అది అవతరించకుండా ఉంటే బాగుండునని తాము కోరుకోబోమని చెప్పేవారు. ఎందుకంటే అందులోనే అల్లాహ్ వారికి సంరక్షకుడని కూడా ఉంది. తమ తెగ తడబాటును దాచుకోకుండా, అందులోనూ అల్లాహ్ కరుణను చూసుకున్నారు!

హునైన్: సంఖ్య చూసి మురిసిన రోజు

బద్ర్, హునైన్ - దివ్యఖుర్ఆన్‌లో పేరుతో ప్రస్తావించబడిన యుద్ధస్థలాలు ఈ రెండే. బద్ర్‌లో ముస్లిములు కొద్దిమంది. హునైన్‌లో పన్నెండువేల మంది. మక్కా విజయం తరువాత కొద్ది రోజులకే, హిజ్రీ 8 షవ్వాల్‌లో (క్రీ.శ. 630) హవాజిన్, సఖీఫ్ తెగలతో ఈ యుద్ధం జరిగింది. ఇంతమంది ఉండగా మనకు సంఖ్య తక్కువై ఓటమి కలగదన్న మాట సైన్యంలో వినిపించింది.

తెల్లవారుజామున లోయలోకి దిగగానే, పొంచి ఉన్న శత్రువులు బాణాల వర్షం కురిపించారు. పన్నెండువేల సైన్యం చెల్లాచెదురైంది. దైవప్రవక్త (స) మాత్రం తమ తెల్లని కంచరగాడిదపై ముందుకే సాగారు. పినతండ్రి హజ్రత్ అబ్బాస్ (రజి) గొంతెత్తి పిలిచాక సహచరులు తిరిగి వచ్చారు. అప్పుడు గాని విజయం లభించలేదు. మీ అధిక సంఖ్య మిమ్మల్ని మురిపించిందని, కాని అది మీకు ఏమాత్రం పనికిరాలేదని, భూమి అంత విశాలమైనదైనా మీకు ఇరుకైపోయిందని తౌబా సూరా 25వ ఆయత్ గుర్తుచేసింది. తరువాత హవాజిన్ ప్రతినిధులు వచ్చి వేడుకోగా వారి స్త్రీలు, పిల్లలు - సీరత్ గ్రంథాల ప్రకారం సుమారు ఆరువేల మంది - విడుదల చేయబడ్డారు.

పేరుతో చెప్పిన రెండింటిలో ఒకటి కొద్దిమందిని గెలిపించిన రోజు, రెండోది ఎక్కువమందిని తడబరచిన రోజు. ఈ రెండింటినీ కలిపి చదివినవాడు తన బలం చూసి పొంగిపోడు, బలహీనత చూసి కుంగిపోడు.

సహాబాల జ్ఞాపకాలు

ఖుర్ఆన్ నేర్పిన ఈ పద్ధతి సహాబాల నిత్యజీవితంలో ఎలా కనిపించిందో తెలుసుకోవడానికి హదీసు గ్రంథాల్లో ఉన్న నాలుగు సంఘటనలు చూద్దాం.

పెళ్ళి ఇంట: హజ్రత్ రుబయ్యి బిన్తె ముఅవ్విజ్ (రజి) తండ్రి బద్ర్‌లో షహీదయ్యారు. ఆమె పెళ్ళయిన మరునాడు దైవప్రవక్త (స) వారి ఇంటికి విచ్చేశారు. చిన్నపిల్లలు దఫ్ వాయిస్తూ బద్ర్‌లో అమరులైన తమ పెద్దలను తలచుకుంటూ పాడుతున్నారు. ఆయన వారించలేదు. కాని ఒక బాలిక, రేపేమి జరుగుతుందో తెలిసిన ప్రవక్త మా మధ్య ఉన్నారని పాడగానే, ఆ మాట వదిలెయ్యి, ముందు పాడుతున్నదే పాడమన్నారు. అమరులను తలచుకోవడం సరైనదే. ఆ తలపులో అతిశయోక్తి కలిసి ఏకదైవ విశ్వాసానికి భంగం కలగరాదు.

భోజనం ముందు: హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) సంపన్నులు. ఒకసారి ఉపవాసం ఉండి ఇఫ్తార్ చేయబోతున్నారు. ఎదుట మంచి భోజనం ఉంది. ఆయనకు ఉహుద్ గుర్తుకొచ్చింది. ముస్అబ్ నాకన్నా ఉత్తముడు, ఆయనకు కఫన్‌గా ఒకే దుప్పటి దొరికింది, తల కప్పితే కాళ్ళు, కాళ్ళు కప్పితే తల బయటపడేవి అన్నారు. హమ్జానూ తలచుకున్నారు. ఆ తరువాత మాకు ఇంత ప్రపంచం లభించింది, మా పుణ్యాల ప్రతిఫలం ఇక్కడే ఇచ్చేయబడిందేమోనని భయంగా ఉందంటూ ఏడ్చి భోజనం వదిలేశారు. ఆయన ఉహుద్‌ను తలచుకుని తమ పళ్ళెం వైపు చూసుకున్నారు. పక్కవాడి తప్పు వైపు చూడలేదు.

నేరస్తుడి పక్షాన: మక్కా విజయానికి ముందు హజ్రత్ హాతిబ్ బిన్ అబీ బల్తఆ (రజి) మక్కాలోని తన వారి రక్షణ కోసం ఖురైషులకు రహస్యంగా లేఖ పంపారు. లేఖ పట్టుబడింది. హజ్రత్ ఉమర్ (రజి) అతన్ని శిక్షించడానికి అనుమతి కోరారు. అతను బద్ర్‌లో పాల్గొన్నవాడని, బద్ర్ వారిని అల్లాహ్ క్షమించి ఉండవచ్చునని దైవప్రవక్త (స) గుర్తుచేశారు. హజ్రత్ ఉమర్ (రజి) కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ రోజు బద్ర్ జ్ఞాపకం ఎత్తిన కత్తిని దించింది.

నింద వచ్చినప్పుడు: హజ్రత్ ఉస్మాన్ (రజి) షహాదత్ చుట్టూ ఉపద్రవాలు ముదిరిన కాలంలో ఆయనపై నిందలు వేసేవారు ఎక్కువయ్యారు. హజ్‌కు వచ్చిన ఒక వ్యక్తి హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి)ను మూడు ప్రశ్నలు అడిగాడు. ఉస్మాన్ ఉహుద్‌లో వెనుదిరిగారా? బద్ర్‌లో లేరా? బైఅతె రిజ్వాన్‌లో లేరా? మూడింటికీ అవునని జవాబు రాగానే అతను సంతోషంతో తక్బీర్ పలికాడు. అప్పుడు ఇబ్నె ఉమర్ (రజి) అతన్ని ఆపి వివరించారు. ఉహుద్ విషయంలో అల్లాహ్ ఆయన్ను క్షమించాడు. బద్ర్ నాడు ఆయన భార్య, దైవప్రవక్త (స) కుమార్తె జబ్బుపడి ఉంది; ఆమెను చూసుకోమని ఆయనే ఉంచారు, బద్ర్ వాటా కూడా ఇచ్చారు. బైఅత్ నాడు ఆయన దైవప్రవక్త (స) దూతగా మక్కాలో ఉన్నారు. దైవప్రవక్త (స) తన చేతినే ఉస్మాన్ చేతిగా చూపి ప్రమాణం పూర్తిచేశారు.

ఆ వ్యక్తి చెప్పిన విషయాల్లో ఒక్కటీ అబద్ధం కాదు. అతని ఉద్దేశ్యమే చెడ్డది. బుఆస్ పద్యాలతో షాస్ చేయించిన పనినే అతను ఉహుద్, బద్ర్‌లతో చేయబోయాడు. పవిత్రమైన యుద్ధం పేరైనా సరే, అజ్ఞాన పద్ధతిలో వాడితే అజ్ఞానపు ఫలితమే ఇస్తుంది.

నేడు మన బాధ్యత

మన జల్సాల్లో, మన ఇళ్ళల్లో ఈ సంగ్రామాలను ఎలా చెబుతున్నామో ఒక్కసారి పరీక్షించుకుందాం. కత్తుల మోత వినిపించి జనం చేత నినాదాలు చేయించడమే ప్రసంగమైతే, ఆ ఆవేశం మస్జిదు గడప దాటేలోగా చల్లారిపోతుంది. చల్లారకపోతే ఇంకా ప్రమాదం. అభం శుభం తెలియని ఇరుగుపొరుగు వారిని ఖురైష్ సైన్యంగా ఊహించుకోవడం అజ్ఞానమే. ధర్మం విషయంలో మీతో యుద్ధం చేయని, మిమ్మల్ని ఇళ్ళ నుంచి వెళ్ళగొట్టని వారితో మంచిగా, న్యాయంగా వ్యవహరించడాన్ని అల్లాహ్ నిషేధించలేదని ముమ్తహినా సూరా 8వ ఆయత్ స్పష్టం చేస్తోంది.

ఇంకో విషయం కూడా పిల్లలకు తప్పక చెప్పాలి. ఉహుద్‌లో వెనుక నుంచి దాడి చేసిన ఖాలిద్ తరువాత ఇస్లాం సేనాని అయ్యారు. అబూ జహల్ కుమారుడు ఇక్రిమా ఇస్లాం స్వీకరించి సిరియా ప్రాంత పోరాటాల్లో షహీదయ్యారు. ఉహుద్‌లో సైన్యం నడిపిన అబూ సుఫ్యాన్, హజ్రత్ హమ్జాను చంపిన వహ్షీ - వీరందరూ ముస్లిములయ్యారు. ఉహుద్‌లో గాయపడినప్పుడు దైవప్రవక్త (స), తమ ప్రవక్తను గాయపరచిన జాతి ఎలా సాఫల్యం పొందుతుందని వాపోయారు. నిర్ణయాధికారం మీది కాదని, అల్లాహ్ కోరితే వారిని మన్నిస్తాడని, కోరితే శిక్షిస్తాడని ఆలి ఇమ్రాన్ 128వ ఆయత్ అవతరించింది. అయిదారేళ్ళు తిరక్కముందే ఆ ఆయత్ అర్థమేమిటో అందరూ కళ్ళారా చూశారు. ఈనాటి విరోధి రేపటి సోదరుడు కావచ్చు. ఆ తలుపు మూసే హక్కు మనకు లేదు.

తల్లిదండ్రులు, మదరసా ఉపాధ్యాయులు బద్ర్ గానీ, ఉహుద్ గానీ, హునైన్ గానీ చెప్పిన తరువాత పిల్లలను మూడు ప్రశ్నలు అడగడం అలవాటు చేసుకోవాలి. ఈ సంఘటనలో అల్లాహ్ ఎవరికి, ఏ విషయంలో హెచ్చరిక చేశాడు? ఇందులో ఎవరు ఎవరిని మన్నించారు? ఆ గుట్టపై నువ్వు ఉంటే నిన్ను కిందికి దించగల ఆశ ఏది? మూడో ప్రశ్నకు పిల్లలకంటే ముందు పెద్దలు జవాబు చెప్పుకోవాలి. ఎందుకంటే ఆ గుట్ట ఉహుద్ దగ్గర మాత్రమే లేదు. కొట్లో తూకం ముందు, ఆఫీసులో సంతకం ముందు, అన్నదమ్ముల ఆస్తి పంపకం ముందు, ఫజ్ర్ వేళ పడక మీద ప్రతి ఒక్కరికీ ఒక గుట్ట ఉంది. అక్కడ నిలవమని ఆజ్ఞ కూడా ఉంది.

దైవప్రవక్త (స) ఉహుద్ షహీదులను మరువలేదు. ఎనిమిదేళ్ళ తరువాత, ఇహలోకం వీడే ముందు వారి కోసం ప్రార్థించారు. ఆ తరువాత మింబర్‌పైకి వచ్చి తన సమాజానికి చెప్పింది శత్రువుల గురించి కాదు. మీరు బహుదైవారాధనలో పడతారని నాకు భయం లేదు గాని, ప్రపంచం కోసం ఒకరితో ఒకరు పోటీపడతారేమోనని భయంగా ఉందన్నారు. ఉహుద్ గుట్టను ఖాళీ చేయించింది ఆ ప్రపంచమే కదా!

ఓ అల్లాహ్! బద్ర్, ఉహుద్, హునైన్ అమరుల స్థాయిని పెంచు. వారి గాథలు మా నోటిలో గర్వంగా కాక, మా హృదయాల్లో భయభక్తులుగా నిలిచేలా చెయ్యి. మా మధ్య ఉన్న పాత పగలను తుడిచివెయ్యి. మాకు అప్పగించిన చోట చివరివరకు నిలకడగా ఉండే భాగ్యం ప్రసాదించు. ఆమీన్.